మొగులయ్య మారు అడిగిన కూర

మొగులయ్య ఎదుట ఎవరైనా తిండి దగ్గర మొహం చిట్లించారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. ఆఫీసరని చూసేవాడు కాదు, ఆడమనిషని చూసేవాడు కాదు. మధ్యాహ్నం నేను డబ్బా మూత తీసి, మళ్ళీ ఇదేనా అని మూతి తిప్పితే చాలు, గాజు గొట్టాలు కడుగుతున్నవాడల్లా చెయ్యి ఆపి, వండిన మనిషిని అట్లా అవమానించకూడదని పాఠం మొదలుపెట్టేవాడు. నా డబ్బా వండేది నేనేనని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు లెక్కలేదు. మిగతా విషయాల్లో గొంతు పెంచని మనిషికి ఈ ఒక్కచోట అంత కోపం ఎందుకో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. అంతుపట్టని సంగతి కనబడితే వదిలిపెట్టని జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

ఇది డెబ్భైల మధ్యలో సంగతి. సైదాబాద్‌లో ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని అందులో మా ప్రయోగశాల పెట్టారు. నేను గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన రసాయనశాస్త్రం పిల్లని, పేరు కమలకుమారి. మా అధికారి శ్రీహరిరావుగారిదీ అటు వైపే. మొగులయ్య అటెండరు. జహనుమా నుంచి సైకిలు మీద వచ్చి, ఖాకీ చొక్కా చేతులు మడిచి, పింగాణీ కల్వంలో ఆకులు నూరేవాడు. ఆ నూరటంలో ఆయనకో పద్ధతి ఉండేది. కల్వం అడుగున ఈనె ముక్క ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికి వచ్చేవాడు.

మా పని ఆకుకూరల్లో చేదు కొలవటం. ఈ మాట చెబితే మా పిన్ని పడీ పడీ నవ్వింది. నోట్లో వేసుకుంటే తెలిసిపోయేదానికి సర్కారు జీతమిచ్చి మనుషుల్ని పెట్టిందా అని అడిగింది. నవ్వితే నవ్వింది గాని, అది చిన్న సంగతి కాదు. క్యాబేజీ, ఆవాకు, ముల్లంగిలాంటి షల్గం దుంప ఆకు ఇవన్నీ ఒక్క కుటుంబం. ఆకు నలిగినప్పుడు లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలుసుకుంటాయి, ఒక కొత్త చేదు పుడుతుంది. అది ఒంట్లోకి ఎక్కువగా వెళితే గొంతు కింద వాపు వస్తుందన్న అనుమానం ఉంది. అందుకని ఆకు నూరి, కాసేపు వదిలి, ఆ చేదును ఈథర్‌లోకి లాగి, యంత్రంలో దానిగుండా కంటికి కనబడని వెలుగును పంపేవాళ్ళం. చేదు ఎంత ఉంటే వెలుగును అంత మింగుతుంది. ముల్లు ఎక్కడ ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి చూడటం నాకు సరదాగా ఉండేది. పక్కన మొగులయ్య కూడా బిగబట్టేవాడు.

ఆకులు తెచ్చేది ఆయనే. మూసీ ఒడ్డున పండినవి పొద్దున్నే పురానాపూల్ దగ్గరికి వస్తాయి. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. వరసగా గంపలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. మొదటి గంపలో షల్గం ఆకు నవనవలాడుతోంది. మొగులయ్య ఆ గంప ముందు తల వంచుకుని నడిచిపోయి, పక్కన అందరూ ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ దగ్గర ఉర్దూలో బేరమాడి, అంతకంటే నాసిరకం కట్ట కొన్నాడు. మొదటి గంప ముసలమ్మ ఆయన వీపువంకే చూస్తూ ఉండిపోయింది. ముక్కు, గడ్డం అచ్చు ఆయనవే. ఎవరని అడిగితే, మా అవ్వ అన్నాడు. ఇక్కడ అవ్వ అంటే అమ్మ.

ఇంక నాకు నిద్రెక్కడ పడుతుంది. ఆ వారంలోనే ఒంటరిగా వెళ్ళి ముసలమ్మ దగ్గర కూర కొన్నాను. పేరు ఆగమ్మ. భర్త శివయ్య ఎప్పుడో పోతే, ఇదే గంపతో కొడుకును, కూతురును పెంచిందట. నేను మొగులయ్యతో పనిచేస్తానని తెలియగానే గంప పక్కకి జరిపి నన్ను కూర్చోబెట్టుకుంది. కొడుకు పెళ్ళయిన కొత్తల్లోనే వేరుపడి జహనుమా వెళ్ళిపోయాడని, పండగకి వస్తే గడపలోనే నిలబడి వెళ్ళిపోతాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది. అతని తప్పేం లేదంది. కోడలు మొదటిరోజే కూరలో మందు పెట్టిందట. ఈ ఊళ్ళో కొడుకు పెళ్ళాం మాట వింటే మందు పెట్టిందంటారు. మా గుంటూరు వైపు మాత్రం ఊరుకుంటారా, అక్కడా అదే మాట.

"గంత చేదు కూర నోట్ల పెట్టుకుంటె నాకు కక్కొచ్చింది. నా కొడుకు దాన్ని తిని, ఇంకింత ఎయ్యమన్నడు. మందు లేకుంటె ఏ మనిషన్న గట్ల అడుగుతడా?" అంది ఆగమ్మ.

అప్పటినుంచి ఆవిడ కోడలి చేతి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆ మందు తనకూ ఎక్కడ ఎక్కుతుందోనని భయం.

అదే కూర కథ రెండోసారి జహనుమాలో విన్నాను. మొగులయ్య పెద్దకూతురికి పురుడొచ్చిందని చూడబోతే, ఆయన భార్య కళావతి నాకు చాయ్ చేతికిచ్చి, అడక్కుండానే మొదలుపెట్టింది. ఆ గల్లీలో పెళ్ళయి వచ్చిన ప్రతి పిల్లకూ ఆ కథ చెబుతుందట. ఆవిడ తల్లి లేని పిల్ల. వంట నేర్పినవాళ్ళు లేరు. అత్తింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు మొదటిసారి పొయ్యి ముట్టిస్తే ఆ కూర ముందుగా పెళ్ళికొడుకు కంచంలో పడాలి, అత్తింటివాళ్ళంతా చుట్టూ కూర్చుని తినాలి. ఆరోజు ఇంట్లో ఉన్నది అమ్ముడుపోకుండా మిగిలిన షల్గం ఆకు, అదీ పువ్వు వేసింది. ముదురాకు తీసెయ్యాలని తెలియక కళావతి మొత్తం తరిగి వండేసింది. ఆడబిడ్డ వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మేసింది. అత్త కంచం పక్కకి నెట్టింది. మొగులయ్య ఒక్కడే కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం వెయ్యమన్నాడు.

"అందరు తిన్నంక నేను నోట్ల పెట్టుకున్న. చేదు అంటె చేదు కాదు అది. గప్పుడనుకున్న, ఈ మనిషి నాకోసం విషమన్న మింగుతడని," అంది కళావతి. తర్వాత ఎన్ని కష్టాలొచ్చినా ఆ కంచమే గుర్తు చేసుకుని నిలబడ్డానంది. నాకు ఆవిడ మీద అసూయ కలిగిందంటే అబద్ధం కాదు.

ఇద్దరూ ఒకే కూర గురించి చెప్పారు. ఒకరికి అది మందు, ఒకరికి ప్రేమ. తిన్న మనిషి ఏమనుకున్నాడో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు శ్రీహరిరావుగారికి ఒక ఆలోచన వచ్చింది. యంత్రం చెప్పేది అంకె, ఆ అంకె నోటికి ఎంత చేదో చెప్పాల్సింది మనుషులేగదా అన్నారు. అందుకని ఆఫీసులో అందరినీ వరసగా కూర్చోబెట్టి, ముందు ఎవరి నాలుక ఎట్లాంటిదో తెలుసుకోవడానికి మందులో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్కలు పంచారు. షల్గం, క్యాబేజీల చేదుకు దగ్గరి చుట్టం లాంటి చేదు అందులో ఉంటుంది. నేను నాలుక మీద పెట్టుకుని వెంటనే కుళాయి దగ్గరికి పరుగెత్తాను. శ్రీహరిరావుగారు హోదా మరిచిపోయి చేతిరుమాల్లోకి ఉమ్మేశారు. టైపిస్టు బాబురావు నాలుకను గోకుతున్నాడు. మొగులయ్య మాత్రం కాగితం నములుతూ మా అందరినీ మార్చి మార్చి చూశాడు. చూస్తూ చూస్తూ మొహం ఎర్రబడింది.

"ఉత్త కాయితం ఇచ్చి అందరు కల్సి నన్ను బనాయిస్తున్నరా? నఖరాలు నా దగ్గర నడువయి," అన్నాడు.

ఎవరూ ఆటపట్టించటం లేదని నేను ఒట్టు పెట్టాల్సివచ్చింది. ఇంకో ముక్క ఇచ్చాను. అదీ ఉత్త కాగితమే అన్నాడు. పోనీ అసలు చేదే తెలియని నాలుకేమోనని క్వినైన్ కలిపిన నీళ్ళు ఇస్తే, గుక్క కూడా మింగలేక గిన్నెలో ఉమ్మేశాడు. పుస్తకాల్లో చదివిన మనిషి రోజూ నా పక్కనే కూర్చుని ఆకు నూరుతున్నాడన్నమాట.

చేదంటే ఒక్కటే చేదు కాదని ఆయనకు చెప్పాను. కాకరకాయది ఒక చేదు, క్వినైన్‌ది ఒకటి, షల్గం చుట్టాలది ఇంకొకటి. కొందరికి పుట్టుకతోనే ఈ చివరి చేదు తెలియదు, మిగతావన్నీ మామూలుగా తెలుస్తాయి, అందుకే తమకు తెలియదన్న సంగతే వాళ్ళకు తెలియకుండా ముసలివాళ్ళయిపోతారు. అది రోగం కాదు, అట్లాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. మొగులయ్య అంతా విన్నాడు. ఆ సాయంత్రం కల్వంలో ఈనె మిగిలిపోతే కూడా చూసుకోలేదు.

మర్నాడు పొద్దున తడి గోనెలో చుట్టి ఒక కట్ట తెచ్చాడు. పువ్వు వేసిన షల్గం ఆకు. అది మా జాబితాలో లేదు. ఎందుకని అడగలేదు, నాకు అర్థమైపోయింది. ఆయనే నూరాడు, ఆయనే వడగట్టాడు. లేత ఆకు రసం పెట్టినప్పుడు ముల్లు కొంచెం కదిలి ఆగింది. ముదురాకు రసం పెడితే అంతకు చాలా పైకి పోయింది. అది చూసి ఆయన, వండినంక ఉంటదా అని అడిగాడు. అదీ తేల్చుకుందామని ఇంకో గుప్పెడు ఆకు హీటరు మీద ఉడకబెట్టి, ఉప్పు వేసి, చెరొక స్పూను తీసుకున్నాం. నాకు దవడలు బిగుసుకుపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన నమిలి మింగి, స్పూను బల్లమీద పెట్టేశాడు.

"మా అవ్వ అబద్ధం ఆడలే," అన్నాడు.

అప్పుడు విన్నాను మూడో కథ. ఆరోజు ఆయన నోటికి కూర బాగానే ఉంది. చెల్లెలు ఉమ్మేసింది, తల్లి కంచం నెట్టింది, అందరూ ఛీ ఛీ అన్నారు. పొయ్యి దగ్గర కొత్త పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది. అమ్మ లేని పిల్ల, అడిగే దిక్కులేదని వీళ్ళంతా ఒక్కటై బాగున్న కూరను బాగాలేదంటున్నారనుకున్నాడు. కాకరకాయ చేదు తెలిసిన మనిషికి, తన నాలుక మీద అనుమానం ఎట్లా వస్తుంది? ఆ కోపంలోనే మారు అడిగాడు. ఆ కోపంతోనే వేరుపడ్డాడు. తన తల్లి అంత నీచంగా ఒక పిల్లను ఏడిపించిందన్నది మనసులో పెట్టుకుని, ఇన్నేళ్ళూ ఆమె గంప ముందు తల వంచుకుని నడిచాడు.

తల్లిని ఎట్లా కలుపుకోవాలన్నది ఒక బాధ అయితే, కళావతికి ఏమని చెప్పాలన్నది ఇంకో బాధ. "నేను చేదు మింగిన్నని నా పెండ్లాం గల్లీ గల్లీల చెప్పుకున్నది. నేనేం మింగలే అమ్మా," అన్నాడు. ఒకటి తరువాత ఒకటి చూద్దామని, ముందు పురానాపూల్ బయల్దేరాం. కాగితం ముక్కలు నా సంచిలో ఉన్నాయి.

ఆగమ్మ కొడుకు తన గంప ముందు ఆగటం చూసి లేచి నిలబడింది. ఆయన అక్కడే నేలమీద కూర్చున్నాడు. విషయం చెప్పబోయి నావంక చూస్తే, నేనే అందుకున్నాను. కాగితం చూపిస్తే ముందు ఆవిడ నోట్లో పెట్టుకోనంది. దీంట్ల ఏం మందు కలిపినవు బిడ్డా అని నన్నే అడిగింది. నేను పెట్టుకుని ఉమ్మేశాక, ధైర్యం చేసి నాలుకకు తగిలించుకుని, నాకూ మా ఆఫీసుకూ కలిపి ఘాటుగా తిట్లు పెట్టింది. అట్లాంటి కాగితమే ఇంకోటి ఇస్తే మొగులయ్య నమిలి మింగేశాడు. నేను గర్వంగా ఆవిడవంక చూశాను, ఇంతకంటే రుజువేం కావాలన్నట్టు.

ఆగమ్మ నెత్తి కొట్టుకుంది. "చూసినవా బిడ్డా? అది పెట్టిన మందు ఇంకా దిగలే," అంది.

నేను చదివిన చదువంతా ఆ ఒక్క మాటతో నీళ్ళలో కలిసింది. ఇది పుట్టుకతో వచ్చేది, పెళ్ళితో రాదు అన్నాను. పుట్టుకతో వస్తే నాకూ ఉండాలిగదా, నాకు చేదు తెలుస్తున్నదిగదా అని ఆవిడ గట్టిగా నిలదీసింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకని నేనూ ఒకటి అడిగాను. నీకు తెలుస్తుంది సరే, వీళ్ళ నాయనకు తెలిసేదా?

ఆయనా, అని ఏదో చెప్పబోయి ఆగమ్మ ఆగిపోయింది. చేతిలో ఉన్న తడిగుడ్డ గంప మీద పరచటం మరిచిపోయింది. పక్కన ఖాలా ఎవరితోనో బేరమాడుతోంది. తర్వాత ఆవిడ నాతో కాదు, కొడుకుతో అంది.

"అమ్ముడువోని ఆకు, పువ్వొచ్చిన ఆకు, గదే ఇంటికి తెచ్చి వండుతుంటి. నేను నీళ్ళు తాగి మింగుతుంటి. మీ బాపు ఒక్కనాడు చేదనలే. కూర మస్తున్నదని ఇంకింత ఎయ్యమంటుండె. నా మొగుడసొంటి మొగుడు ఎవలకు లేడనుకున్న." ఆవిడ గుడ్డను పిండి మళ్ళీ పిండింది. "నేనేం మందు పెట్టిన్నా మీ బాపుకు? పెట్టలే గద. అయితె అది గూడ పెట్టలే."

ఇది చెప్పేసి ఆగమ్మ ఏడ్చింది. కోడలి మీద ఇన్నేళ్ళు వేసిన నింద కోసం ఏడ్చిందో, శివయ్య నిజంగానే కూర బాగుందని తిన్నాడని తెలిసి ఏడ్చిందో నాకు తెలియదు. రెండూ అయి ఉంటాయి. మొగులయ్య తల్లి పాదం పట్టుకుని, నువ్వు అబద్ధమాడినవనుకున్న అవ్వా అని మాత్రం అన్నాడు. ఆవిడ కొడుకు తల నిమిరి, నువ్వు ఇన్నేండ్లు గదే అనుకున్నవా అని ఆశ్చర్యపోయింది. పాపం, కొడుకు కోపం సంగతి ఆవిడకు అప్పటిదాకా తెలియదు. మందే అనుకుంది.

ఆ ఆదివారం ఆగమ్మ జహనుమా వెళ్ళింది. నన్నూ రమ్మని కబురు పెట్టారు, పెట్టకపోయినా వెళ్ళేదాన్నే. ఆవిడ ఒట్టిచేతులతో రాలేదు. కొంగులో షల్గం ఆకు కట్ట కట్టుకొచ్చింది. అలవాటు చొప్పున అమ్ముడుపోనిదే తెచ్చింది, సగం పువ్వు వేసింది. దాన్ని కళావతి చేతిలో పెట్టి, వండు బిడ్డా, తింట అంది. గడపలో అత్తను చూసి కళావతి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. తర్వాత తేరుకుని గబగబా ముదురాకు ఏరెయ్యబోతే, ఉండనియ్యి, మొత్తం వండు అని అత్తే ఆపింది.

కూర కంచాల్లో పడ్డాక మొగులయ్య ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా, తల ఎత్తకుండా అంతా చెప్పేశాడు. కాగితం సంగతి, యంత్రం సంగతి, ఆరోజు తనకు చేదు తెలియనే లేదన్న సంగతి. గరిటె పట్టుకున్న కళావతి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముందు నమ్మలేదు. తర్వాత కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ ఈయనగారికోసం లేత ఆకులు ఏరి ఏరి వండానే, క్యాబేజీ పైరేకలన్నీ నేను తిని లోపలివి ఈయనకు పెట్టానే అని లెక్కలన్నీ ఏకరువు పెట్టింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కానీ ఆ కోపం కాసేపే. గరిటె గిన్నెలో పెట్టి, చిన్న గొంతుతో అడిగింది.

"చేదే తెల్వకుంటె, మల్ల ఇంకింత ఎయ్యమని ఎందుకన్నవ్?"

"నువ్వు ఏడుస్తున్నవు గద," అన్నాడు మొగులయ్య. "గది కనబడ్డది."

కళావతి కొంగుతో మొహం తుడుచుకుంది. మొగులయ్య తినటం మొదలుపెట్టాడు, ఎప్పటిలాగే హాయిగా. నేనూ ఒక ముద్ద తిన్నాను. ఆ కూర మా యంత్రానికి పెడితే ముల్లు ఎంతదూరం పోయేదో నాకు బాగా తెలుసు. రెండో ముద్ద నావల్ల కాలేదు, మొగులయ్య చూస్తాడేమోనని మొహం మాత్రం మామూలుగా పెట్టుకున్నాను.

ఆగమ్మ మాత్రం ఒక్కొక్క ముద్దా నోట్లో పెట్టుకుంటూ, కళ్ళు గట్టిగా మూసుకుంటూ, గుక్కెడు నీళ్ళతో మింగుతూ, కంచమంతా ఖాళీ చేసింది. చేసి, కంచాన్ని కోడలి ముందుకు జరిపింది.

"ఇంకింత ఎయ్యి బిడ్డా," అంది.